ఫీల్డ్ అంటే ఎన్ని అర్థాలు

తేజస్వి కుర్చీలో ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

చాయ్ తాగి వచ్చిన క్రాంతికుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పొద్దున తను ఆ కుర్చీ మీద పరిచి వెళ్ళిన జేబురుమాలు, తన నీలం దస్తీ, మడతపెట్టి బల్ల మీద ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో దస్తీ వేసిన కుర్చీని ముట్టుకోవడమంటే మాటలా? గేటు తీయగానే అశోక్‌నగర్ హాస్టళ్ళ జనమంతా లోపలికి ఉరుకుతారు. తమకొకటి, స్నేహితులకొకటి దస్తీలు వేసేస్తారు. ఆ తర్వాత మంత్రి వచ్చినా నిలబడే చదువుకోవాలి.

పైగా ఇవాళ మామూలు రోజు కాదు. నిన్న పుస్తకాలు సర్దుకుంటూ తేజస్వి మెల్లగా చెప్పింది, ఆదివారం తనకు పెళ్ళిచూపులని.

ఏడాదిగా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని గ్రూప్-టూకి చదువుతున్నారు. అతను ఆమెకు చరిత్ర చెబుతాడు. ఆమె రోజుకో ఇంగ్లిష్ మాట ఇచ్చి, దానికున్న అర్థాలన్నీ సొంత వాక్యాల్లో అప్పజెప్పమంటుంది. పైకి జరిగింది అంతే. మిగతాదంతా క్రాంతి మనసులోనే ఉంది. ఆమె వాళ్ళది గుడివాడ వైపు, ఇక్కడ గాంధీనగర్‌లో సొంతిల్లు. ఇతనిది సిద్దిపేట దగ్గర పల్లె, ఇక్కడ హాస్టల్లో ఒక మంచం. బయట చూస్తే తెలంగాణ ఉద్యమం, బంద్‌లూ ధర్నాలూ. నోరు తెరిస్తే ఉన్న స్నేహం కూడా పోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఇవాళ కూడా చెప్పకపోతే మాత్రం ఇక చెప్పడానికేమీ మిగలదు.

"సార్, జర లేస్తరా? ఆ సీటు రిజర్వ్ ఉంది."

పెద్దాయన పేపర్లోంచి తలెత్తాడు. "లైబ్రరీలో రిజర్వేషనేంటి బాబూ?"

"దస్తీ ఉండె గద సార్. ఈడ గదే లెక్క."

"మోకాళ్ళ నొప్పులయ్యా. కూర్చున్నవాణ్ణి లేపుతావా?"

"అయితే నా కుర్చీల కూసోండ్రి సార్, నేను నిలవడ్త. గదొక్కటి మాత్రం ఎవ్వలకియ్య. ఆ అమ్మాయి నారాయణగూడల క్లాసు చూస్కొని అలిసి వస్తది."

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూసి, మూలుగుతూ పక్క కుర్చీలోకి మారాడు. క్రాంతి దస్తీ మళ్ళీ పరిచి దాని పక్కనే కాపలాకి నిలబడ్డాడు. వెనక బల్ల వాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఏం చదువుతున్నావేంటి?"

"ఇయ్యాల్టి మాట ఫీల్డ్ సార్. అర్థాలు తయారు చేస్తున్న."

"ఫీల్డంటే గడ్డి నేల, పొలం. అందులో తయారు చెయ్యడానికేముంది?"

"నేను గూడ గట్లనే అనుకున్న. డిక్షనరీ తీస్తే పేజీ నిండ ఉంది."

"ఏదీ, చెప్పు చూద్దాం."

క్రాంతి గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ ఎల్లవ్వ చెల్కల పత్తి ఏరుతున్నది, గది ఫీల్డ్. గ్రౌండ్ల పోరగాళ్ళు క్రికెట్ ఆడుతరు, గదీ ఫీల్డే. మా దోస్తు రియల్ ఎస్టేట్ ఫీల్డుకు పోయిండు. అప్లికేషన్ల మనం నింపే గడి ఫీల్డ్. ఊర్లు తిరిగి సర్వే చేస్తే ఫీల్డ్ వర్క్. ఇంటర్వ్యూల వంకర ప్రశ్నను తడబడకుండ పట్టుకుంటే, గది గూడ ఫీల్డ్ చేసుడేనట."

పెద్దాయన నిజంగానే నోరు తెరిచాడు. "ఇన్నున్నాయా? అయిపోయాయా?"

"ఇంకొకటుంది సార్. అయస్కాంతం సుట్టు ఉండే జాగ. ముట్టకుండనే గుంజుతది."

"దానికేం వాక్యం రాశావు?"

రాత్రి నిద్ర లేదు, పొద్దున తిండి లేదు, ఎదురుగా ఉన్నది ముక్కూ మొహం తెలియని మనిషి. క్రాంతి ఉన్నదున్నట్టు అనేశాడు.

"తేజస్వి గా తలుపు కాడ అడుగు వెడితే, నేను తలెత్తకముందే నాకు తెలుస్తది. పెన్ను దానంతట అదే ఆగుతది. ఆ పిల్లంటే నాకు పానం సార్. ఆదివారం ఎవడో వచ్చి చూసి పోతడట."

పెద్దాయన చేతిలోని పేపరు కింద పడింది.

"ఈ మాట ఆ అమ్మాయితో అన్నావా?"

"ఇంకా అనలే సార్. ఫస్టు మీకే."

బయట వాన అందుకుంది. తలుపు దగ్గర గొడుగు దులుపుతూ తేజస్వి నిలబడింది. అతన్ని చూసి నవ్వబోయి, పక్కనున్న మనిషిని చూసి కొయ్యబారిపోయింది.

"నాన్నా, మీరేంటి ఇక్కడ?"

క్రాంతి ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులున్న ఆమె నాన్నను కుర్చీలోంచి లేపాడు. చాలదన్నట్టు, ఆయన కూతురంటే తనకు ప్రాణమని ఆయనకే చెప్పాడు. పారిపోదామంటే తలుపు దగ్గర తేజస్వి ఉంది.

ఆ పెద్దాయన, రామచంద్రరావు గారు, పేపరు తీసి తీరిగ్గా మడతపెట్టారు. "నువ్వు లేనప్పుడు ఇతన్ని ఒకసారి చూసిపోదామని వచ్చానమ్మా. నీ కుర్చీలో కావాలనే కూర్చున్నాను. తనది ఇచ్చాడుగానీ, నీది నాకు కూడా ఇవ్వనన్నాడు." క్రాంతి వైపు తిరిగారు. "ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా బాబూ. ఆవిడ కూడా ఒప్పుకోవాలిగా."

"ఆదివారం ఎవరో వస్తున్నరు గద సార్, చూపులకు?"

ఆయన అయోమయంగా కూతురి వంక చూశారు. "ఇతనికి చెప్పలేదా నువ్వు?"

"ఎక్కడ చెప్పనిచ్చాడు నాన్నా? పెళ్ళిచూపులు అనగానే మొహం మాడ్చుకుని లేచిపోయాడు. అబ్బాయెవరని అడిగితేగా, ఇతనేనని చెప్పేది." తేజస్వి లోపలికి వచ్చి గొడుగు బల్లకు ఆనించింది. "మీతో చెప్పడానికి నేనెంత భయపడ్డానో నాకే తెలుసు. ఇతను ఒక్క మాట అడగలేకపోయాడు."

రామచంద్రరావు గారు నవ్వు దాచుకుంటూ మెల్లగా బయటికి నడిచారు.

"ఎవరైనా ముందు అమ్మాయికి చెబుతారు," అంది తేజస్వి. "నువ్వు మా నాన్నకి చెప్పావు. మరి నాకు?"

"నువ్వంటే నాకు పానం తేజస్వీ," అన్నాడు క్రాంతి, ఎక్కడున్నాడో మరిచిపోయి, గట్టిగా. హాలంతా తలలెత్తి చూసింది.

తేజస్వికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నాకూ అంతే," అంది. చెయ్యి పట్టుకుని అతన్ని వరండాలోకి లాక్కెళ్ళింది. "ఫోన్ కలుపు. మీ అమ్మగారితో నేనే మాట్లాడతాను."

నంబరు కలిపి ఇచ్చాడు. అవతల నుంచి ఎల్లవ్వ, "ఎవలు బిడ్డా?" అంటోంది.

"నమస్తే అత్తయ్యగారూ," అంది తేజస్వి.

పొద్దుటి నుంచి ఇన్ని చూసినా, క్రాంతికి మెట్ల మీద చతికిలబడాల్సి వచ్చింది మాత్రం ఆ మాటకే.