మా నస

“గీ కార్డు మీద నా పేరేంది? జర సదువు.”

అరుణ్ కంప్యూటర్ మీద నుంచి తలెత్తాడు. ఎదురుగా మానస. అతను ఆలేరు నేతన్నల సంఘంలో ఆపరేటర్‌గా చేరి రెండు నెలలైంది. ఆమె తనంతట తాను అతనితో మాట్లాడడం ఇదే మొదటిసారి. సంతోషం పట్టలేక కార్డు అందుకున్నాడు.

సభ్యుల గుర్తింపు కార్డులకు ప్రోగ్రాం రాసింది అతనే. మూడు వందల కార్డుల్లో అందరికంటే ముందు ముద్రించింది ఆమెదే. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి అతనూ చెప్పలేదు.

కార్డు మీద పై వరుసలో ‘చెరిపల్లి మా’ అని ఉంది. కింది వరుసలో ‘నస’.

“చెరిపల్లి మా... నస,” అని చదివి నాలుక కరుచుకున్నాడు.

“నేనేమన్న నీకు నస వెట్టిన్నా?”

“లే మేడం. అసలు మీరు నాతోని మాట్లాడ్తనే లేరు గద.”

“ఎల్లుండి చేనేత దినోత్సవం. పరమేశ్వర్ సారు మైకుల పేర్లు సదివి కార్డులిస్తడు. కార్డు మీద ఎట్లుంటె గట్లనే సదువుతడాయన. పోయినేడు కాయితం మీద శ్రీకి, శ్రీమతికి నడుమ గీత ఉంటె ‘శ్రీ గీత శ్రీమతి’ అని సదివిండు. ఇగ ఊరంత సచ్చేదాంక నన్ను మా నస అనే పిలుస్తది!”

అరుణ్ కార్డు వైపు మళ్లీ చూశాడు. సంఘం సెక్రటరీ పరమేశ్వర్ సంగతి అతనికీ తెలుసు.

“గిది మా అవ్వది,” అని ఇంకో కార్డు బల్ల మీద కొట్టింది మానస. పైన ‘చెరిపల్లి వె’. కింద ‘ంకట నర్సమ్మ’.

“డెబ్బై ఏండ్లు బతికితె పేరుకు ముందల సున్న వెట్టిండని పొద్దుగాల సంది బువ్వ తింటలేదు.”

“పై వరుసకు పన్నెండు గుర్తులని నేనే లెక్క వెట్టిన మేడం. గుణింతాలు గూడ లెక్కనే. పన్నెండు కాంగనే తెంపుమని కంప్యూటర్‌కు చెప్పిన.”

“లెక్కవెట్టి తెంపుతవా? ఎన్నడన్న మగ్గం జూసినవా?”

“మా తాత నేసేటోడట. నేను పుట్టింది నందికొండల. అక్కడ డ్యామే జూసిన.”

“దా, సూపిస్త.”

వాళ్ల ఇల్లు వెనక వీధిలోనే. మగ్గం మీద ఒక చీర పూర్తయి ఉంది. ఆ తర్వాత జానెడు మేర నేయకుండా ఉత్త పోగులు వదిలారు. అక్కడి నుంచి రెండో చీర మొదలైంది.

“గీ జాగా ఎందుకిడిసినం?”

“దారం అయిపోయిందా?”

లోపలి నుంచి అవ్వ ఫక్కున నవ్వింది. అలక తీరలేదు గానీ నవ్వు ఆగలేదు.

“కోసెతందుకు!” అంది మానస. “మూరలు లెక్కవెట్టి కోస్తె కొంగు ఇటు, చీర అటు అయితది. జాగా ఏడుంటె గాడనే కత్తెర.”

అరుణ్‌కు బుర్రలో దీపం వెలిగింది. పేరులోనూ ఖాళీ ఉంటుంది. అక్కడ విడదీయాలి గానీ లెక్కపెట్టి కాదు. వివరిస్తున్నప్పుడు ఆమె చెంప మీద జారిన వెంట్రుకలు కూడా కనిపించాయి. కానీ ముందు పని కానివ్వాలనుకున్నాడు.

సాయంత్రానికి రెండు కార్డులతో పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ ఉన్నచోటల్లా పేరును ముక్కలు చేసి, మొదటిది పైన, రెండోది కింద వేశాడు. మానస పేరు ముచ్చటగా ఉంది. అవ్వ తన కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. చెరిపల్లి. వెంకట.

“సున్న పోయిందని సంబురపడితె మగోన్ని జేసిండు!”

అవ్వ పేరులో ఖాళీలు రెండు. మూడో ముక్కకు వరుస లేక నర్సమ్మ గాలికి పోయింది. మానస నవ్వు ఆపుకోలేక మగ్గం గుంత అంచున కూలబడింది.

“మొదటి జాగాల ఒక్కటే కోత వెట్టు. అటెన్క ముట్టకు,” అంది మానస. “ మొదటిదాంతోనే ఆగాలె.”

“నేను గూడ మొదటిదాంతోనే ఆగిన,” అనేశాడు అరుణ్.

“ఏందీ?”

“మూడు వందల కార్డులల్ల ముందుగాల మీదే కొట్టిన. మీరంటె నాకు శానా ఇష్టం మేడం.”

మానస చేతిలోని దారం చిక్కు పడింది. దాన్ని విప్పుతూ తల ఎత్తకుండా అంది. “ఇష్టమున్నోడు పేరు తెంపుతడా? సారును మైకుల సక్కగ పలకని. అప్పుడు సూద్దాం.”

చేనేత దినోత్సవం నాడు అరుణ్ షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పరమేశ్వర్ గారు కళ్లద్దాలు సర్దుకుని, కార్డును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, గొంతు సవరించారు.

“చెరిపల్లి మానస!”

అరుణ్ అప్పుడు గుంజ వదిలాడు. తర్వాత వెంకట నర్సమ్మ కూడా ఏ ముక్కా పోకుండా మైకులోంచి వచ్చింది. అవ్వ కార్డు తీసుకుని తిన్నగా అతని దగ్గరికే నడిచింది. వెనకాలే మానస.

“సక్కగనే పలికిండు,” అంది మానస, కార్డుతో నవ్వును దాచుకుంటూ.

“నీ ఇంటిపేరేంది పిలగా?” అని అడిగింది అవ్వ.

“గంజి, అవ్వా.”

“గంజి వెట్టకుంటె మా పోగు మగ్గం మీద నిలుస్తదా? మంచి ఇంటిపేరే.” అవ్వ మనవరాలిని చెయ్యి పట్టి ముందుకు లాగింది. “మీ అమ్మను, నాయినను రమ్మను. ఇరవై నాలుగేండ్ల సంది మా నస. ఇగ మీ నస.”