తాళం వేసిన షాటు

2084 నాటికి షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళకు షాట్ల గొడవ వదిలిపోయింది. గాలిలో వెదజల్లిన కెమెరా రేణువులు సన్నివేశాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి పట్టేస్తాయి. క్లోజప్పా, లాంగ్ షాటా అన్నది తేల్చేది ప్రేక్షకుడి కళ్ళజోడులోని ‘దృష్టిసారథి’. కనుపాప ఎటు లాగితే సినిమా అటు తిరుగుతుంది. జనం దీనికి స్వేచ్ఛ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఆ మాట వింటేనే హైమకు ఒళ్ళు మండేది. విశాఖ పోటీకి ఆమె పంపిన నాలుగు నిమిషాల సినిమాలో ఉన్నది ఒకే ఒక్క క్లోజప్. దానికి తాళం వేసేసింది. ఎవరి కన్నూ దాన్ని కదపలేదు.

ప్రదర్శన అయ్యాక, దృష్టిసారథిని కనిపెట్టిన డాక్టర్ నళినీకాంత్ ఆమెను పక్కకు పిలిచాడు. న్యాయనిర్ణేత కూడా ఆయనే.

“బాగా తీశావమ్మా. కానీ బస్సులో ఆడపిల్లను ఒకడు చెంప మీద కొడితే, నాలుగు నిమిషాలూ వాడి మొహమే చూపిస్తావేంటి? తాళం తీసెయ్, బహుమతి నీదే. లేదంటే పోటీలోంచి తప్పించాల్సి వస్తుంది.”

“తియ్యను సార్.”

“పంతమా?”

“పంతమే అనుకోండి. దెబ్బ తిన్నది మా చెల్లి. బస్సులో నలభై మంది ఉన్నారు. అందరూ దాని ఏడుపే చూశారు. కొట్టినోడు తాపీగా దిగెళ్ళిపోయాడు. వాడి పోలిక చెప్పమంటే ఒక్కరికీ గుర్తులేదు.”

“అది బస్సు. ఈ హాల్లో ఉన్నది చదువుకున్నవాళ్ళు. ఎవరిని చూడాలో వాళ్ళకు తెలుసు.”

హాల్లోని కళ్ళజోళ్ళన్నిటినీ నడిపే దృష్టిసారథి యంత్రం గోడ పక్కనే ఉంది. హైమ దానివైపు తిరిగింది. “సారథీ, తాళం లేకపోతే వీళ్ళు ఎటు తిరిగేవాళ్ళు?”

“మూడువందల పన్నెండు మందీ అమ్మాయి కన్నీళ్ళ వైపు లాగారు,” అంది యంత్రం.

“అందరికన్నా ముందు లాగిందెవరు?”

యంత్రానికి మొహమాటం తెలియదు. “డాక్టర్ నళినీకాంత్. మూడో సెకనులో.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “జాలేసింది. అదీ తప్పేనా?”

“తప్పని ఎవరన్నారు సార్? జాలి మా చెల్లికి బస్సు నిండా దొరికింది. సాక్షే ఒక్కడూ దొరకలేదు. పేరు తీసేస్తే తీసెయ్యండి, తాళం మాత్రం ఉంటుంది.”

నళినీకాంత్ పోటీ జాబితా ముందుకు లాక్కుని, తల వంచుకునే ఆమె పేరు కొట్టేశాడు. హైమ అక్కడే నిలబడింది. ఆయన సంతకం పెట్టి, కాగితాలు సర్దుకుని, హాలు దాటి వెళ్ళేదాకా ఆయన మొహమే చూస్తూ ఉంది.