ఫ్రేములో లేని రూపేష్

హేమప్రియ వీణ వాయిస్తున్నంతసేపూ గోకుల్‌కి ఒళ్లు మండిపోతూనే ఉంది. వీణ మీద కాదు, పక్కన మృదంగం ముందేసుకుని కూర్చున్న రూపేష్ మీద.

పాట ఎత్తుకునే ముందు వాడికొక చూపు. తాళాన్ని ముగించే తీర్మానం దెబ్బలు సరిగ్గా పడగానే వాడికొక నవ్వు. వీణ వాయించే పిల్లకి తీగల మీద కదా చూపుండాలి, మృదంగం వాడి మొహంలో ఏముంది? కెమెరా వెనకాల గోకుల్ రూపేష్‌నే చూస్తూ పళ్లు కొరికాడు.

వేలూరు కాలేజీలో ఇది హేమప్రియ ప్రాజెక్టు. ఒకే కీర్తనని ఒక బ్యాచ్‌కి ఊరికే వినిపించాలి, ఇంకో బ్యాచ్‌కి వీడియోలో చూపించాలి. కళ్లతో చూస్తే మన పిల్లలకి శాస్త్రీయ సంగీతం ఇంకా నచ్చుతుందని ఆమె నమ్మకం.

వీడియో ఎడిటింగ్ గోకుల్‌ది. రూపేష్‌ని నున్నగా కత్తిరించి పారేశాడు. తెరనిండా హేమప్రియే. ఆమె నవ్వబోయిన ప్రతిచోటా వీణ మీది వేళ్లు చూపించాడు. మనసుకి హాయిగా అనిపించింది.

ఆ హాయి నాలుగు రోజులే. విన్నవాళ్లు పదికి ఏడు మార్కులు వేస్తే, చూసినవాళ్లు నాలుగే వేశారు. "సోమవారం లోపల సరి కాకుంటే వేరే ప్రాజెక్టు చూసుకోమ్మా," అనేశారు ప్రాజెక్టు గైడు దినకరన్ సార్.

సాయంత్రం కాట్పాడిలో రైలెక్కారు. ఆమె దిగేది లత్తేరిలో, వాడు గుడియాత్తంలో. బయట వాన. హేమప్రియ ఒళ్లో పిల్లలు మార్కులేసి రాసిచ్చిన ఫారాలు.

"వినప్పా. 'ఆ అక్క ఎవుర్నో చూస్తా ఉండాది. ఎవురో తెలీక పాట మీద మనసే పోలేదు.' సగం మంది ఇదే రాసినారు. రూపేష్ యాడ పోయినాడు?"

"స్క్రీన్ చాల్లేదు."

"వాడికి చాలని స్క్రీన్ నా జడకుచ్చులకి చాలిందా? రెండేండ్ల కష్టం గోకుల్, నిజం చెప్పు."

గోకుల్ కిటికీ వైపు తిరిగాడు. "వాణ్ని చూసి నువ్వు నవ్వతా ఉంటే ఓర్చుకోలేకపోతిని. అందుకే తీసేసినా. తప్పే."

"అయ్యో! తాళం యాడ పడతాదో మేము చూపుల్తోనే కదప్పా చెప్పుకునేది? చూడకుంటే నేనొక దారి, వాడొక దారి. అది చూస్తేనే కదా వినేవాళ్లకీ కుశాలు! ఒరిజినల్ తియ్యి."

గోకుల్ లాప్‌టాప్ తెరిచాడు. తీర్మానం పడింది. హేమప్రియ రూపేష్‌ని చూసి నవ్వింది. ఆ వెంటనే తలెత్తి, కెమెరాకి కొంచెం పైకి చూసింది, అక్కడ గోకుల్ మొహం ఉండేచోటికి. ఒకసారి కాదు, మూడుసార్లు. రూపేష్‌ని కొరకొరా చూడ్డంలో వాడు అప్పుడూ, కత్తిరించేటప్పుడూ ఒక్కటీ గమనించలేదు.

"తాళం అయిపోయినాక ఎవుర్నీ చూసే పని లేదు," అంది హేమప్రియ మెల్లగా. "అయినా చూసినా."

లత్తేరి వచ్చింది. ఆమె లేవలేదు.

"దిగలా?"

"గుడియాత్తం దాకా వస్తా. నా ముందరే సరిచెయ్యి, నిన్ను నమ్మేకి లేదు. మీ అమ్మకి ఫోన్ చెయ్యి."

"ఎవురు రా నాయనా వచ్చేది?" అంది వాళ్లమ్మ వరదమ్మ ఫోన్లో, ఒకరిని పిల్చుకొస్తున్నానని గోకుల్ చెప్పగానే.

గోకుల్ హేమప్రియ వైపు చూశాడు. పాట ఎత్తుకొమ్మన్నట్టు, ఆమె కళ్లతోనే చెప్పమంది.

"నాకు నచ్చిన పిల్లమ్మా."

"అట్లయితే కాఫీ చాలదు. అన్నం వండతా, పిల్చుకొని రా."

సోమవారం కొత్త బ్యాచ్ పదికి ఎనిమిది వేసింది. తెర మీద రూపేష్ నిండుగా ఉన్నాడు. అందరితో పాటు గోకుల్ కూడా వాడికి చప్పట్లు కొట్టాడు, కాకపోతే కొంచెం మెల్లగా.