ప్రవల్లిక సర్దిన బుట్టలు

"ప్రవల్లికేనా మేడమ్?"

ఏజెంట్ కృష్ణకాంత్ అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. చీఫ్ విజయరాణి మళ్లీ ఓపిగ్గానే జవాబిచ్చింది.

"మీ ఆవిడే. సారీ. శత్రువుల గూఢచారి ముఠాలో మన మనిషిగా ఉంటూనే వాళ్లకి అమ్ముడుపోయింది. ఈ సాయంత్రం సెన్సర్ల మ్యాప్ చేతులు మారుతుంది. నూజివీడు అగ్నిపర్వత అబ్జర్వేటరీకి విజిట్‌కి వచ్చే విదేశీ సైంటిస్టుల్లో ఒకడు పట్టుకెళ్తాడు. ఎవడో తెలీదు. అందర్నీ సోదా చేస్తే దేశాల మధ్య గొడవవుతుంది. ఒక్కడినే ఆపాలి, వాడే అయ్యుండాలి."

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"ఆమె గురించి మీకు తెలిసినంత డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలీదు."

ఆమెని ఏజెంట్‌గా చేర్చింది కూడా అతనే. ఆ మాట చీఫ్ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

నూజివీడులో అగ్నిపర్వతమేంటని నవ్వకండి. కొండ ఉన్నది అండమాన్ సముద్రంలో. దాని చప్పుడు వినే అబ్జర్వేటరీ మాత్రం విస్సన్నపేట రోడ్డులో, మామిడి తోటల మధ్య ఒక గుట్ట మీద ఉంది. సముద్రం అడుగున పెట్టిన సెన్సర్లు కొండ కదలికతో పాటు మన సబ్‌మెరైన్ల సవ్వడినీ పట్టేస్తాయి. వాటి జాడ తెలిస్తే శత్రువు వాటికే చెవి ఆనించి మనవాళ్లని వెతికి ముంచేస్తాడు.

కృష్ణకాంత్ చింతలపూడి జాగ్రఫీ మాస్టారి వేషంలో వెళ్లాడు. నెరిసిన మీసం, కెమెరా దాచిన కళ్లజోడు, స్కానర్ దాచిన గొడుగు. గుట్ట ఎక్కుతుంటే నాలుగు వైపులా తోటలే. కాపు బరువుకి వంగిన కొమ్మల కింద వెదురు కర్రలు ఆనించి ఉన్నాయి. పెళ్లైన కొత్తలో ఇద్దరూ నడిచిన దారి ఇది. మీసం సర్దుకుని నడిచాడు.

హాల్లో ప్రవల్లిక ఆకుపచ్చ పట్టుచీరలో మెరిసిపోతూ స్క్రీన్ మీద గీతలు చూపిస్తోంది.

"ఈ గీత వణికిందంటే కొండ నిద్రలో కదిలిందన్నమాట అండీ."

ఎంత ముద్దుగా చెప్పింది! ఈ మనిషి దేశాన్ని అమ్ముతుందంటే ఎలా నమ్మడం? అతని మనసు ఒప్పుకోలేదు.

మామిళ్ల సీజన్లో ఇక్కడికొచ్చిన అతిథిని వట్టి చేతులతో పంపరు. తలా ఒక బుట్ట చిన్నరసాలు. ఎప్పుడు తింటారని ఆమె ఒక్కొక్కర్నీ అడిగింది. కాన్ఫరెన్స్ అయ్యాక వచ్చే వారం, ఇంటికెళ్లే తింటామని అందరిదీ ఒకటే జవాబు. లోపలికెళ్లి బుట్టలన్నీ తనే సర్దింది.

బుట్టలు బస్సెక్కాయి. మ్యాప్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని ఎందులో చుట్టిందో ఏమో, గొడుగులో స్కానర్ నోరు మెదపలేదు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

చెవిలో విజయరాణి గొంతు. "కాంత్, ఎవరు?"

మామిడి తోటలున్న ఇళ్లలో ఎప్పుడు తింటారని అడిగేది మర్యాద కోసం కాదు. తినే రోజుకి పండేలా కాయ ఎంచి ఇస్తారు. ఇవాళ తినేవాడికి పండు, వచ్చే వారం తినేవాడికి గట్టి కాయ. ప్రవల్లిక పుట్టింది ఆ ఇళ్లలోనే. కృష్ణకాంత్ ఒక్క ఉదుటున బస్సెక్కి సీటు సీటుకీ వాసన చూసుకుంటూ నడిచాడు. జాగ్రఫీ మాస్టారికి మతిపోయిందనుకున్నారంతా.

అన్నీ పచ్చికాయల వాసనే. చివరి సీట్లో డాక్టర్ చార్లెస్ ఒళ్లో ఉన్న బుట్ట మాత్రం ఘుమఘుమలాడుతోంది. అతనూ వచ్చే వారమే అన్నాడు. ఈ రాత్రికే దేశం దాటేస్తాడని తెలిసిన మనిషి సర్దిన బుట్ట అది.

"దొరికాడు మేడమ్!"

చార్లెస్ చెయ్యి కోటులోకి పోయింది. గొడుగు దెబ్బకి పిస్టల్ సీటు కిందికి జారిపోయింది. వరిగడ్డి కింద, పళ్ల మధ్య, గోరంత డ్రైవ్.

ప్రవల్లిక అబ్జర్వేటరీ మెట్ల మీదే నిలబడి ఉంది. పారిపోలేదు.

"ఆ మీసం మీకు నప్పలేదండీ," అంది.

"చార్లెస్‌కి పండిన పళ్లు పెట్టావు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "పెట్టేశానా? ఎవరికైనా సరే, తినడానికి పనికిరాని కాయ ఇవ్వడం నాకు చేతకాదు."

"ఎందుకు చేశావు ప్రవల్లీ?"

"రెండు వైపులా అబద్ధం ఆడటం మీరే నేర్పారు. ఇంటికొచ్చి నిజం చెప్పుకుందామంటే మీరెప్పుడూ లేరు. వాళ్లు మాత్రం రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు."

"అది సాకు."

"సాకే. కాదన్లేదు." ఆమె తనని తీసుకెళ్లడానికి వచ్చిన డిపార్ట్‌మెంట్ జీపెక్కింది. "గుట్ట ఎక్కుతున్నప్పుడే మిమ్మల్ని గుర్తుపట్టాను. నా టేబుల్ కింద మీకూ ఒకటి సర్దాను."

జీపు తోటల్లోకి మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆమె గదిలోకెళ్లి బుట్ట విప్పాడు. పైన మెత్తటి పండు. దాని కింద దోరకాయలు. అడుగున రాయిలాంటి పచ్చికాయలు. ఇకనుంచి ఒక్కడే ఉండే ఇంట్లో రోజుకొకటి పండేలా సర్దింది.

కృష్ణకాంత్ నేల మీద కూలబడి ఏడ్చాడు. బంక తడిసి మీసం ఒళ్లో పడింది.

ఫోన్ మోగింది. "కంగ్రాట్స్ కాంత్! బుట్టలన్నీ ఎవిడెన్స్ కింద సీల్ చేసేశారా?"

"అన్నీ చేశాను మేడమ్," అని తన సర్వీసులోకెల్లా అతి చిన్న అబద్ధం ఆడి, మొదటి రోజు పండు చేతిలోకి తీసుకున్నాడు.