కత్తిరించిన ఊపిరి

"ఈ గొంతు ఊపిరి తీసుకోదా, పాడింది మనిషా మిషనా అని రాసింది మీరేనా?"

పత్రికాఫీసులో సమీక్షలు రాసే అమ్మాయి తలెత్తి చూసింది. గుమ్మంలో ఒకతను వానకి తడిసి ముద్దయి ఉన్నాడు. చొక్కా లోపల్నుంచి తీసిన పత్రిక మాత్రం పొడిగానే ఉంది.

"నేనే. శాస్త్రీయ సంగీతం రికార్డులన్నీ నేనే వింటాను. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండీ. పాడింది మా అమ్మ, రికార్డు చేసింది నేను. నేను పుట్టాక మానేసిన పాట, మళ్ళీ ఇన్నాళ్ళకి పాడింది. మీ రాత చదివి తలుపేసుకుంది. రేపు రెండో రికార్డు మొదలెట్టాలి. ఇక చచ్చినా పాడనంటోంది."

అమ్మాయి చేతిలోని కలం బల్ల మీద పెట్టేసింది. తను రాసే నాలుగు ముక్కలు ఒక ఇంట్లో పాట ఆపేస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. అలాగని విన్నది వినలేదని ఎలా అంటుంది?

"గొంతు బంగారమని కూడా రాశాను కదండీ."

"అది మొదటి లైను. మా అమ్మకి చివరి లైనే గుచ్చుకుంది."

"మరి అంత పాటలో ఒక్కచోటన్నా గాలి పీల్చిన చప్పుడు లేదేం? వింటుంటే నాకే ఊపిరాడలేదు!"

అతని కోపం కాస్త జారింది. "నేనే కత్తిరించాను. అమ్మకి ఆయాసం. ఆ రొప్పు వింటే జనం నవ్వుతారని భయపడింది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటీ ఏరేశాను."

"ఏరనిది ఉందా?"

స్టూడియోలో ఉంది. ఇద్దరూ ఒక్క గొడుగులో బయల్దేరారు.

"గొడుగు కాస్త ఇటు పట్టండి."

"మీరెలాగూ తడిసే వచ్చారుగా, కొత్తగా తడిసేదేముంది?"

అతనికి కోపం గుర్తుపెట్టుకోవడం కష్టమైపోయింది.

స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. పై స్వరం అందుకోబోయే ముందు సన్నటి రొప్పు, ఆ వెంటనే గొంతు ఎగిరి అందుకోవడం. ఆమె చెంపల మీద నీళ్ళు జారాయి. అతను శబ్దం కొలిచే మీటర్లు చూడ్డం మానేసి ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మగారు ఇది విన్నారా?"

"లేదు. కత్తిరించిందే వినిపించాను."

"ఎంత పని చేశారండీ! పదండి, ఇది పట్టుకుని ఇంటికి."

తల్లి తలుపు జానెడు తెరిచింది. "ఎవర్రా ఈ పిల్ల?"

"నిన్ను మిషనన్న పిల్ల."

"మిషనన్నది మీ అబ్బాయి కత్తెరనమ్మా, మిమ్మల్ని కాదు," అంది అమ్మాయి గబగబా. "ఒక్కసారి ఇది వినండి. తర్వాత నన్ను గెంటేసినా సరే."

తల్లి విన్నది. "ఛీ, ఎంత రొప్పుతున్నానో!"

"దాని తర్వాత వచ్చే స్వరం వినండమ్మా. అంత కష్టపడి అందుకున్నారని తెలిస్తేనే కదా, వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది."

ఆవిడ పాట అయిపోయేదాకా కదల్లేదు. చివరికి కొడుకు వైపు తిరిగి, "ఈసారి కత్తెర ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. రేపు పెందలాడే స్టూడియో తలుపు తియ్యి," అంది.

రికార్డు పూర్తయ్యేదాకా అమ్మాయి స్టూడియోకి వస్తూనే ఉంది. మైకు ఎక్కడ పెట్టారో చూద్దామని ఒకసారి, ఇటుగా పనుందని ఒకసారి. తర్వాత్తర్వాత వంకలు వెతుక్కోవడం కూడా మానేసింది.

కొత్త రికార్డు తీసుకుని అతనే పత్రికాఫీసుకొచ్చాడు. "రాయండి. ఈసారి తిట్టినా పోట్లాడను."

ఆమె దాన్ని మెల్లగా వెనక్కి తోసింది. "నేను రాయను."

అతని మొహం వాడిపోయింది. "బాలేదా?"

"చాలా బావుంది. అందుకే పక్క సీటాయనకి అప్పజెప్పాను. సొంతవాళ్ళ రికార్డుల మీద రాయకూడదని మా ఎడిటరు గారి రూలు."

"సొంతవాళ్ళా? ఎప్పట్నుంచి?"

"అది మీరు చెప్పాలి," అంది, బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ.

అతను దిగ్గున లేచాడు. "ఉండండి, కింద కారులో అమ్మ ఉంది."

"అమ్మగారెందుకు ఇప్పుడు?"

"'ఆ పిల్ల రాస్తానంటే నోరు మూసుకుని వచ్చెయ్. రాయనంటే నీ మీద మనసున్నట్టేరా, నన్ను పైకి పిలు' అని చెప్పింది. మీ రూలు అమ్మకి ఎలా తెలిసిందో! నేనే నమ్మలేదు."

పిలవాల్సిన పని లేకపోయింది. ఆగలేక వచ్చేసిన ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.