కలవని గీత

గోడకి అతుకు వేయడానికి పిచ్చుక తమ ఆఫీసు కారిడార్ గోడనే వాడింది. తప్పు జరిగింది అక్కడే. మిగతాదంతా ఆ తప్పు వెనకాల తోకలా వచ్చింది.

పిచ్చుక అంటే పిట్ట కాదు, ఎడిటరమ్మ చెల్లెలు. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడు పెట్టిన పేరు. అలాంటి పిల్ల పెద్దయ్యాక కుర్చీకి అంటుకుపోయే ఉద్యోగంలోనే పడింది. సినిమా బొమ్మలో అక్కర్లేనివి కనపడకుండా చేయడం, కావలసినవి అతికించడం ఆమె పని. గ్రాఫిక్స్ అంటారు. అక్క కత్తిరిస్తుంది, చెల్లెలు అతుకుతుంది. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి పిచ్చుకకి ఆరేళ్ళు. పెంచింది అక్కే. ఎడిటరమ్మ ముద్దులూ మురిపాలూ తెలిసిన మనిషి కాదు గానీ, చేతిలో పెట్టినదాన్ని జారవిడిచే రకమూ కాదు.

ఆఫీసు మూడో అంతస్తులో. కారిడార్‌కి ఈ చివర ఎడిటింగ్ గది, ఆ చివర గ్రాఫిక్స్ గది, మధ్యలో తాళాలు వేసిన గదులు నాలుగు. ఇదివరకు షాట్లు డిస్కులో వేసుకుని అక్కాచెల్లెళ్ళు ఆ కారిడార్‌లో రోజుకి ఇరవైసార్లు తిరిగేవాళ్ళు. రెండు నెలల కిందట రెండు కంప్యూటర్లనీ లింక్ చేశారు. ఇప్పుడు అక్కడ పిచ్చుక ఏం మార్చినా ఇక్కడ అక్క తెర మీద షాట్ దానంతటదే మారిపోతుంది. రెండు తొట్ల మధ్య గొట్టం వేసినట్టు. గొట్టం వేశాక అందులో నీళ్ళే పారతాయని మనం అనుకుంటాం.

ఆ రోజు ఆదివారం. ఉదయం పదకొండు గంటలు. ఆఫీసులో వాళ్ళిద్దరే. బయట సన్నగా వాన. ఎడిటింగ్ గదికి నల్ల తెరలు కాబట్టి లోపల పగలేదో రాత్రేదో తెలీదు. వేడెక్కిన మిషన్ల దుమ్ము వాసన, చల్లారిన కాఫీ వాసన.

డైరెక్టర్ ఫోన్ చేశాడు. సినిమా సోమవారం పొద్దున్న పోటీకి పంపాలి.

“ఎడిటరమ్మా, ఆ ముసలావిడ సంగతి ఏం చేశారు?”

“షూటింగ్‌లో ఆవిణ్ణి అక్కడ ఎవరు నిలబెట్టారో అది చెప్పండి ముందు.”

“ఒట్టండీ, అక్కడ ఎవరూ లేరు. ఎన్నేళ్ళుగానో మూసేసిన ఇల్లది. తాళం మేమే తీయించాం.”

మెట్ల షాట్ అది. ఆరు సెకన్లు. హీరోయిన్ మెట్లు దిగి వెళ్ళిపోతుంది, అంతే. ఎడమవైపు గోడ దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. నుదురు గోడకి ఆనించి, చేతులు కిందికి వేలాడేసి. మూడు టేకులు తీశారు. మూడింటిలోనూ ఉంది. జుట్టుముడి కూడా చెదరలేదు. సెట్లో ముప్ఫై మంది ఉన్నారు. ఎవరూ చూడలేదట.

“తుడిచేయండి మేడమ్. ఒక్క మనిషి కోసం మళ్ళీ యూనిట్ మొత్తాన్ని మోసుకెళ్ళలేను.”

ఎడిటరమ్మ షాట్‌ని చెల్లెలికి పంపించి, ఇంటర్‌కమ్‌లో, “తుడిచేయవే,” అంది.

“తుడవడం కాదక్కా, కప్పడం,” అంది పిచ్చుక, ఏదో నములుతూ. “ఆవిడ చుట్టూ ఒక గీత గీస్తా. గీత మొదలైన చోటికే వచ్చి కలిస్తే మాస్క్ పడినట్టు. కలిసేదాకా ఏమీ అవ్వదు. కలిశాక లోపలున్నదాని మీద గోడ ముక్క కప్పేస్తుంది. ఆవిడ కిందే ఉంటుంది.”

“సమాధి కట్టినట్టన్నమాట.”

“పొద్దున్నే ఏం మాటలక్కా అవి!”

పది నిమిషాలకి ఎడిటరమ్మ తెర మీద షాట్ ఒక్కసారి మినుక్కుమని మారింది. ముసలావిడ లేదు. శుభ్రమైన గోడ.

“బాగుంది. గోడ ముక్క ఎక్కడ దొరికింది నీకు? మూడు టేకుల్లోనూ ఆవిడ కదల్లేదుగా, వెనక గోడ కనపడటానికి.”

“మన కారిడార్‌దే. అదే రంగు, అవే మరకలు. ఫోన్‌తో ఫోటో తీసి అతికించేశా.”

“గడుసుపిండానివే,” అంది అక్క. ఆ నోటినుంచి అదే పెద్ద మెచ్చుకోలు.

ఆమె షాట్ మళ్ళీ నడిపించింది. హీరోయిన్ దిగింది, వెళ్ళిపోయింది. గోడ మీద ఒక నీడ మెల్లగా ఎడమనుంచి కుడికి జరిగింది.

వెనక్కి తిప్పి చూసింది. నీడ హీరోయిన్‌ది కాదు. అతుకు లోపల మాత్రమే ఉంది. అతుకు అంచు దగ్గర ఆగిపోయింది.

“పిచ్చుకా, అతుకులో నీడ కదులుతోందే.”

“అది ఫోటో అక్కా. ఫోటోలో నీడ కదలడమేమిటి? లేచి మొహం కడుక్కో.”

షాట్ మళ్ళీ మినుక్కుమంది.

“ఏం మార్చావ్?”

“ఏమీ ముట్టుకోలేదు. బిస్కట్లు తింటున్నా.”

మళ్ళీ మినుక్కుమంది. ఈసారి గోడ కొంచెం ఉబ్బింది. తడిసిన సున్నం పొంగినట్టు... మెత్తగా... మనిషి నుదురంత మేర. గదిలోకి వాసన వచ్చింది. చాలాకాలం మూసి ఉంచిన ఇల్లు తెరిస్తే వచ్చే వాసన, తడి సున్నం వాసన.

అప్పుడు వినిపించింది. టప్... టప్... తడి అరచేత్తో గోడ తట్టినట్టు. ఎడిటరమ్మ చెయ్యి ముందు సౌండ్ మీటలవైపు వెళ్ళింది. అలవాటు. మీటలన్నీ సున్నా దగ్గరే ఉన్నాయి. చప్పుడు తెరలోంచి కాదు.

కారిడార్‌లోంచి.

ఇంటర్‌కమ్ మోగింది. పిచ్చుక ఇప్పుడేమీ నమలడం లేదు.

“అక్కా... రెండో మాస్క్ నువ్వు గీస్తున్నావా?”

“నాకు గీయడం వచ్చా ఎప్పుడైనా?”

“నేను గీసింది ఒకటే. ముసలావిడ చుట్టూ. ఇప్పుడు ఇంకోటి... దానంతటదే గీసుకుంటోంది. నిలబడ్డ మనిషిది కాదు. కూర్చున్న మనిషిది.”

“ఎవరూ కూర్చోలేదు కదే ఆ షాట్‌లో.”

“లేరు. ఖాళీ మెట్ల మీద గీస్తోంది. పాదాలు అయ్యాయి. మోకాలు... కుర్చీ మీద ఒక కాలు మడిచి పెట్టుకుని...” గొంతు సన్నబడింది. “జడ ముందుకి వేసుకుని ఉంది.”

పిచ్చుక కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుంటుందని, జడ ముందుకి వేసుకుంటుందని ఎడిటరమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“కాలు కింద పెట్టు,” అంది గుసగుసగా.

కుర్చీ కిర్రుమంది.

“పెట్టా.”

“ఊఁ?”

“గీత కూడా పెట్టింది అక్కా.”

టప్... టప్...

“లేచి బయటికి వచ్చెయ్!”

“ఎలా రాను? తలుపవతలే ఎవరో గోడ తడుతున్నారు. నువ్వు కాదా?”

“నేను నా గదిలోనే ఉన్నా. కంప్యూటర్ ఆపెయ్.”

“ఆపేశా. ప్లగ్ పీకేశా. తెర వెలుగుతూనే ఉంది... భుజం అయింది అక్కా. మెడ దగ్గరికి వస్తోంది. కలుస్తుంది. ఇంకాసేపట్లో కలిసిపోతుంది...”

గీత కలిశాక ఏమవుతుందో చెప్పింది పిచ్చుకే. లోపలున్నదాని మీద గోడ కప్పేస్తుంది.

ఎడిటరమ్మ, షాట్లన్నీ వరసగా పేర్చి ఉండే టైమ్‌లైన్ మీద ఆ షాట్‌ని పట్టుకుని చెరిపేసింది. పోయింది. షాట్ మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. లింక్ తెంపింది. తెగినట్టు గుర్తు పడింది. షాట్ మాత్రం మినుక్కుమంటూనే ఉంది... ఒకసారి... ఇంకోసారి... గుండె కొట్టుకున్నట్టు.

“చెవి కింద ఉంది అక్కా.”

కప్పినదాన్ని తీయడం కుదరడం లేదు. సరే, కప్పడమే. తెర మీద, తీసిన షాట్లన్నీ దాచి ఉంచే పెట్టెలోంచి అసలు షాట్ లాగింది. ముసలావిడ నిలబడి ఉన్న షాట్. దాన్ని తెచ్చి అతుకు వేసిన షాట్ పైన పరిచింది. గోడ దగ్గర ముసలావిడ మళ్ళీ ప్రత్యక్షమైంది. నుదురు గోడకి ఆనించి, చేతులు వేలాడేసి.

ఎడిటరమ్మ తెర మీదికి వంగింది. ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో, తక్కువ స్వరంలో అంది.

“ఉండండమ్మా. మీ చోట మీరుండండి. మిమ్మల్ని ఎవరూ తీయరు. నేను తీయనివ్వను. దాన్ని వదిలెయ్యండి.”

టప్...

రెండోది వినిపించలేదు.

షాట్ మినుకు ఆగింది. వాన చప్పుడు మళ్ళీ తెలిసింది.

“పిచ్చుకా?”

ఇంటర్‌కమ్ మీట మళ్ళీ నొక్కింది.

“ఒసే, పలుకు!”

“ఆగిపోయింది అక్కా,” అని ఏడుపు గొంతు. “వేలెడు దూరంలో ఆగిపోయింది.”

ఎడిటరమ్మ తలుపు తీసి కారిడార్‌లోకి నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తితే వెనక్కి చూడాల్సి వస్తుందని ఆమె లెక్క. ఎడమచేతివైపు గోడ మధ్యలో, ఫోటో తీసినంత మేర, రంగు తడిగా మెరుస్తోంది. అక్కడ భుజం తగలకుండా దాటింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని అదే దారిన తిరిగి వచ్చి, మెట్లు దిగి, వానలోకి తీసుకుపోయింది.

సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేశాడు.

“తుడిచారా మేడమ్?”

“లేదు. ఆవిడ ఉంటుంది.”

“ఉండటమేమిటండీ! ఎవరావిడ అని అడిగితే?”

“ఇంట్లో పెద్దావిడ అనుకుంటారు. ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారుగా, ఎవరూ పట్టించుకోకుండా. అలాగే ఉండనివ్వండి. కాదంటే ఇంకో ఎడిటర్ని చూసుకోండి.”

ఒక్క పూటలో ఇంకో ఎడిటర్ ఎక్కడ దొరుకుతాడు? సినిమా అలాగే వెళ్ళింది. ప్రేక్షకులెవరూ అడగలేదు. ఒక విమర్శకుడు మాత్రం గోడ దగ్గర వృద్ధురాలి ప్రతీక అద్భుతం అని రాశాడు. డైరెక్టర్ ఆ ముక్క కత్తిరించి ఫ్రేమ్ కట్టించుకున్నాడు. ఆ తర్వాత రెండుసార్లు ఆ షాట్ శుభ్రం చేయమని అడిగారు. రెండుసార్లూ ఎడిటరమ్మ కుదరదంది. ఆమె ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. గోడ దగ్గర నిలబడ్డ మనిషి ఏ మాటా ఇవ్వలేదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మూడు వారాలకి ఆఫీసు కార్డు కోసం పిచ్చుకకి ఫోటో తీశారు. అందరికీ మామూలు ఫోటోనే. ముప్ఫై ఏళ్ళు బొమ్మలు కత్తిరించిన కన్ను కాబట్టి ఎడిటరమ్మకి కనిపించింది. పిచ్చుక చుట్టూ సన్నటి తెల్లటి అంచు. కత్తిరించి వేరే బొమ్మలో అతికించిన మనిషికి ఉండేలాంటి అంచు. భుజం మీదుగా, మెడ మీదుగా పైకి పోయి, ఎడమ చెవి కింద వేలెడు మేర తెగి ఉంది. ఆమె పిచ్చుకకి చెప్పలేదు.

ఆర్నెల్ల తర్వాత స్నేహితురాలి ఫోన్‌లో ఇంకో ఫోటో. అదే అంచు. చెవి కింద ఖాళీ గోరంత.

పై ఏడాది పిచ్చుక పెళ్ళి అయింది. పెళ్ళికి ఫోటోగ్రాఫర్ లేడు. వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే ఎడిటరమ్మ బుట్టలో వేయించింది. “చెల్లెలి పెళ్ళికి ఫోటోలకి కూడా చెయ్యి రాలేదు మహాతల్లికి,” అని పిన్ని ఎడిటరమ్మ మొహం మీదే అంది. పెళ్ళికొడుకు నొచ్చుకున్నాడు. పిచ్చుక ఏడ్చి, మూడు నెలలు అక్కతో మాట్లాడలేదు.

పడింది ఎడిటరమ్మ, అన్ని మాటలూ. ఇప్పటికి పదకొండేళ్ళు. మూడో ఫోటో మాత్రం ఎవర్నీ తియ్యనివ్వలేదు.