కెమెరాలో నీలిచుక్క

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటల పదకొండు నిమిషాలు!

నడినెత్తిన నిప్పులు కక్కుతున్న సూర్యబింబాన్ని కరాళమైన కోర ఏదో కొరికి మింగుతున్నట్టు చీకటి కమ్ముకొస్తోంది... సంపూర్ణ సూర్యగ్రహణం! పట్టపగలే పక్షులు గూళ్ళకు పరుగులు తీశాయి. వేళ కాని వేళ లేచిన గుడ్లగూబ ఒకటి డాబామీది నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుని ఘూకారం మొదలుపెట్టింది. వీధికుక్కలన్నీ ఒక్కపెట్టున ఊళపెట్టి, అంతలోనే నోళ్ళు మూసుకున్నాయి.

ఆ నిశ్శబ్దంలో... టిక్! గోడమీది కెమెరాలోంచి చిన్న చప్పుడు.

కింద కూర్చున్న మెకానిక్ ఉలిక్కిపడి తలెత్తాడు. కెమెరాలు బిగించడమే అతని బతుకుతెరువు కాబట్టి ఆ చప్పుడేమిటో తెలుసు. వెలుతురు తగ్గగానే కెమెరా లోపల చిన్న గాజుపలక ఒకటి పక్కకు జరుగుతుంది. కన్ను చుట్టూ ఉన్న బుల్లి దీపాలు మన చూపుకు అందని కిరణాలు చిమ్ముతాయి. మనకు మాత్రం అవి ఆరీ ఆరని నిప్పుకణికల్లా మసక ఎరుపుగా కనిపిస్తాయి. పగలు పన్నెండింటికి కెమెరా రాత్రనుకుంది, అంతే. అలా సర్దిచెప్పుకున్నాడు గాని వెన్నులో వణుకు ఆగలేదు.

ఎలా ఆగుతుంది? ఎదురుగా మంచం మీద తోడబుట్టిన అక్క కట్టెలా పడి ఉంటే!

ఇరవై రోజుల కిందటి దాకా ఆవిడ ఈ హాల్లోనే మిషను ముందు కూర్చుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది. బావ లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. ఫోన్లోనైనా ఇంటిని చూసుకుంటాడని తమ్ముడే ఈ కెమెరా తెచ్చి మిషనుకు ఎదురుగా బిగించాడు. ఒక సాయంత్రం సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆవిడ వెనక్కి విరుచుకుపడింది. ఆనాటి నుంచి తిండి లేదు, పలుకు లేదు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి ఏ రోగమూ లేదని చేతులెత్తేశారు. మనిషి మాత్రం చిక్కి శల్యమైంది. పొద్దున నాడి చూసిన నర్సు, ఈ పూట గడిస్తే గొప్పేనని చెప్పి అతని మొహం చూడలేక వెళ్ళిపోయింది. చిన్నప్పుడే అమ్మ పోతే తనకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి అది. ఆ చేతిని పట్టుకుని, పాలుపోక కూర్చున్నాడు.

హఠాత్తుగా అక్క కళ్ళు తెరుచుకున్నాయి. చూపు తమ్ముడి మీద లేదు... కెమెరా మీద ఉంది!

"చూస్తోంది... నన్నే చూస్తోంది..." అన్నాయి పెదాలు. ఆ కంఠం అక్కది కాదు! పాడుబడ్డ నూతి అడుగునుంచి వస్తున్నట్టున్న భయంకర స్వరం...

మెకానిక్ ఒక్క ఉదుటున స్టూలెక్కాడు. కెమెరా ముఖాన ఒక మూల నల్లటేపు ముక్క అంటించి ఉంది. పెట్టిన కొత్తలో ఆ మూలనున్న దీపం కళ్ళలో పొడుస్తోందని అక్క సణిగితే తనే అంటించాడు. ఆ దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలిగితే అంతా బాగున్నట్టు. ఎర్రగా మిణుకుతుంటే నెట్ పోయినట్టు. నీలంగా మిణుకుతుంటే... ఆ క్షణాన ఎవరో అవతల కూర్చుని చూస్తున్నట్టు! కొన్నవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించి పాఠం చెప్పే ఘనుడు, సొంత అక్క ఇంట్లో ఆ దీపానికే గంతలు కట్టాడు.

గోటితో టేపు పీకాడు. నీలం! మిణుకు... మిణుకు...

వెంటనే బావకు ఫోన్ చేశాడు. కెమెరా చూస్తున్నావా అని అడిగితే, పొద్దుట్నుంచీ స్టీరింగ్ వదల్లేదురా అన్నాడు బావ, మీ అక్కకెలా ఉందని బెంగగా అడిగాడు. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాడు. చూసేది బావ కాదు, తనూ కాదు. మూడో మనిషికి ఈ ఇంట్లోకి దారెక్కడిది?

అప్పుడు కెమెరా స్పీకరు గరగరలాడింది. అందులోంచి ఒక ముసలి గొంతు ఏవేవో వికృత బీజాక్షరాలు జపిస్తోంది... ఒక్కో అక్షరానికీ అక్క దేహం విల్లులా వంగి లేస్తోంది!

మెకానిక్ కరెంటు తీగను పట్టి ఒక్క గుంజు గుంజాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. వాటితోపాటే అక్క ఊపిరీ ఆగింది! పెదాలు నల్లబడ్డాయి... పై ప్రాణాలు పైనే పోయాయి అతనికి. తీగను మళ్ళీ దూర్చాడు. కెమెరా తాపీగా మేలుకుంది. ముందు ఎరుపు, తరవాత ఆకుపచ్చ, మళ్ళీ నీలం. అక్క ఛాతీ ఎగిసిపడింది.

స్పీకరులో నవ్వు వినిపించింది.

"పీకకు నాయనా. మీ అక్క ప్రాణం ఇప్పుడు ఆ తీగలోనే ఉంది. నాలుగు నిమిషాలు ఓపిక పట్టు. గ్రహణం విడిచేలోగా నేనే తీసేసుకుంటాను."

ఎక్కడో విన్న గొంతు! ఫోన్లో కెమెరా యాప్ తెరిచి, ఎవరెవరు చూస్తున్నారో చెప్పే జాబితా తీశాడు. ఒకే ఒక్క పేరుంది... ‘పెద్దాయన మేడ’.

ఆ పేరు టైపు చేసింది తనే! ఏడాది కిందట నాలుగు వీధుల అవతల, ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన మేడలో, కెమెరాల బొమ్మలన్నిటినీ టీవీలో చూపే రికార్డరు పెట్టె అమర్చి దానికా పేరు పెట్టాడు. ఆయన ఆప్యాయంగా కబుర్లలోకి దింపాడు. తను అసలే నోట్లో నువ్వుగింజ నానని మనిషి, మా అక్క సంపూర్ణ గ్రహణం వేళ పుట్టిందండీ, మహా మొండిఘటం అని మురిసిపోతూ చెప్పాడు. ఆ మాటకు ముసలాయన కళ్ళు తళుక్కుమన్నాయి. ఇక పాస్‌వర్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంటికొకటి గుర్తుపెట్టుకోవడం ఎవడివల్ల అవుతుందని, తాను బిగించిన ప్రతి కెమెరాకూ ఒక్కటే పాస్‌వర్డ్ పెట్టే అలవాటు అతనిది. ఆ రోజు ముసలాయన కళ్ళముందే దాన్ని కొట్టాడు. ఒక ఇంటి తాళంచెవి అనుకుని వంద ఇళ్ళ తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి వచ్చాడు!

ఏడుపు తన్నుకొచ్చింది, దిగమింగాడు. మరి ఆయన పెట్టె పాస్‌వర్డూ అదే కదా?

కొట్టాడు. తెరుచుకుంది.

ఫోన్ తెర నాలుగు గళ్ళుగా విడిపోయింది. నాలుగో గడిలో అక్క. పని ముగిశాక ఆపేసినట్టు రెండూ మూడూ నల్లగా ఉన్నాయి గాని వాటికింద పేర్లున్నాయి. టీచరమ్మ ఇల్లు... ఫోటో స్టూడియో ఇల్లు... ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఈ ఏడాదే ఏ రోగమో తెలియకుండా పోయారు! రెండు చావులకూ తాను వెళ్ళి, అయ్యో పాపం అని నిలబడి వచ్చాడు.

మొదటి గడిలో మేడమీది గది. తలుపులూ కిటికీలూ మూసేసిన ఆ కటికచీకట్లో కెమెరా కిరణాలు నలుపు తెలుపుల్లో చూపిస్తున్న దృశ్యం... నేలంతా బూడిదతో గీసిన మండలం! నడుమ ఒక కపాలం! దాని కంటిగుంటలు ఎదుటి టీవీ వైపు. టీవీ నిండా ఆ నాలుగో గడే... అక్క ముఖం! కపాలం వెనక పెద్దాయన... కాదు, పెద్దమనిషి రూపంలో ఉన్న మాంత్రికుడు! అతని వీపు వెనక, మామూలు కంటికి కానరాని ఆ కిరణాల్లో మాత్రమే రూపుకట్టి, జుట్టు విరబోసుకున్న ఆడ ఆకారం ఒకటి నిలబడి ఉంది. దానికి కళ్ళు లేవు. మెడకు తాడుంది. ఆ తాడు రెండో కొస కపాలానికి కట్టి ఉంది.

మాంత్రికుడు కళ్ళు మూసుకుని చేతులెత్తాడు.

"నేత్రపిశాచీ! ఈ తెరమీది ముఖం నీకు బలి. స్వీకరించు!"

మంచం మీంచి అక్క దేహం జానెడు గాల్లోకి లేచింది!

తెరమీది ముఖం... ఏ ముఖముంటే ఆ ముఖం! మెకానిక్ మెదడులో మెరుపు మెరిసింది. తీగ తెంపితే అక్క పోతుంది, చూపు మళ్ళిస్తే? మాంత్రికుడి మొదటి కెమెరా సరిగ్గా ఆ టీవీ నెత్తినే ఉంది, అతని మొహానికి ఎదురుగా. బిగించింది తనే! సెట్టింగుల్లోకి దూరి నాలుగో గడిలో అక్క కెమెరా నెట్ చిరునామా అంకెలు చెరిపేశాడు. చెమటవేళ్ళు జారుతున్నాయి. ఒక అంకె తప్పింది. మళ్ళీ కొట్టాడు.

"స్వీకరించు!" రెండోసారి...

అక్క ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. నాలుగో గడిలో మొదటి కెమెరా చిరునామా నింపి, సేవ్ నొక్కాడు. తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది... అమ్మా, అక్కని కాపాడవే అని పైకే ఏడ్చేశాడు.

"స్వీకరించు!" మూడోసారి!

చక్రం ఆగింది. అక్క కెమెరా మీద నీలం ఆరి ఆకుపచ్చ వెలిగింది.

మేడ గదిలో టీవీ ఒక్కసారి రెపరెపలాడి... మాంత్రికుడి ముఖాన్నే చూపింది! కళ్ళు తెరిచిన అతనికి ఎదురుగా తన రూపమే! నోరు తెరిచాడు గాని మంత్రం రాలేదు. కపాలం కొరకొరా చూసింది. పిశాచానికి యజమాని లేడు, బానిస లేడు, బలి ఒక్కటే తెలుసు. మూడుమార్లు పిలిచి సమర్పించిన ఆ ముఖం మీదికి అది ప్రళయ ఝంఝలా విరుచుకుపడింది! ఫోన్లోంచి వచ్చిన ఆర్తనాదానికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. కపాలం ఫెళ్ళున పగిలింది. తాడు తెగింది. తెర తెల్లగా మండి, చల్లబడేసరికి మండలం మధ్య ఉత్త బట్టలూ గుప్పెడు బూడిదా మిగిలాయి. జుట్టు విరబోసుకున్న ఆకారం ఎక్కడా లేదు.

అక్క దేహం మెల్లగా పరుపు మీద వాలింది. కిటికీలోంచి ఎండ సన్నటి గీతలా వచ్చి నేలమీద పడింది.

"నీళ్ళియ్యరా," అంది అక్క. అక్క గొంతే!

గ్లాసు అందించి, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు. తన వాగుడు, తన పాస్‌వర్డ్, ఆ రెండు నల్లటి గళ్ళు, ఏదీ దాచలేదు. అక్క నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసింది. టీచరమ్మ రవికలు ఆవిడే కుట్టేది.

"నన్ను దక్కించుకున్నావు, సంతోషం. మరి టీచరమ్మ ఎందుకు పోయిందో ఆవిడ కూతురికి ఎవరు చెప్తార్రా?"

చెబితే తన్నినా తంతారు, పోలీసులకు పట్టించినా పట్టిస్తారు, మళ్ళీ ఎవరూ గుమ్మం తొక్కనివ్వరని గొణిగాడు.

"తెలుసు. వెళ్ళు," అంది అక్క.

పొరుగావిడను అక్కకు తోడు కూర్చోబెట్టి, అతను బయటికి నడిచాడు. టీచరమ్మ ఇంటి బెల్లు నొక్కాలంటే చెయ్యి రాలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి నొక్కాడు.

తలుపు తీసిన అమ్మాయి అతన్ని గుర్తుపట్టి, మా కెమెరా బాగానే పనిచేస్తోంది అన్నా, ఏంటిలా వచ్చావు అని నవ్వుతూ లోపలికి పిలిచింది.